ఓడ మీద మనిషి ఉండాలి

మేం పుట్టింది మలేసియాలో, బాగన్ దాతుక్ దగ్గర ఒక కొబ్బరి తోటలో. అక్కడ చెట్లే కాదు, మేముండే ఇల్లు కూడా తోటవాళ్ళదే. వరసగా కట్టిన ఆ ఇళ్ళని లయం అనేవాళ్ళం. రోజూ తెల్లారేసరికి కంగాణి, అంటే కూలీల మేస్త్రీ, అందరినీ నిలబెట్టి పేర్లు పిలిచేవాడు, దాన్ని పెరట్టు అనేవాళ్ళు. పిలిచిన పేరుకి మనిషి పలకకపోతే ఆ రోజు కూలి పోతుంది. అలాగే కొన్నాళ్ళు సాగితే లయంలో ఇల్లూ పోతుంది. అందుకని మావాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. పేరున్న మనిషి మంచాన పడితే ఆ ఇంట్లోంచి ఇంకొకరు వెళ్ళి ఆ పేరు మీద నిలబడాలి. భార్య కావచ్చు, తమ్ముడు కావచ్చు, పిల్లకాయ కావచ్చు. ఇదేం పద్ధతని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

మా అయ్య జ్వరంతో పడున్నప్పుడు, అమ్మ పురిట్లో ఉన్నప్పుడు, మా అప్ప ఎర్రమ్మ వెళ్ళి నిలబడింది. అప్ప అంటే మా ఇళ్ళలో అక్క. అప్పటికి తనకి పదమూడేళ్ళు నిండలేదు. "నీ అయ్యేడే?" అని కంగాణి గద్దిస్తే "నానున్నాను కదా" అందట. ఆయన నవ్వి పని ఇచ్చాడు. అయ్య లేచి తిరిగేదాకా అప్ప కొబ్బరికాయలు మోసింది. ఇల్లు నిలబడింది. మా ఇంట్లో ఏ పండగకి నలుగురం కలిసినా ఈ ముచ్చట రావలసిందే. అప్ప నవ్వుతూ చెప్పేది, మేం గర్వంగా వినేవాళ్ళం. అది తన మనసులో ఎంత లోతుగా దిగిపోయిందో మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తోట అమ్మేశాక మేం తలో దిక్కూ అయ్యాం. నేను తెలుక్ ఇంటాన్‌లో వడల కొట్టు పెట్టుకున్నాను. అప్ప లారీ డ్రైవర్ ముత్యాలుని చేసుకుని పోర్ట్ క్లాంగ్ వెళ్ళిపోయింది. ముత్యాలు బావ కంటెయినర్లు లాగేవాడు, అప్ప గోడౌన్లలో ఆఫీసు గదులు తుడిచేది. ఒక్కడే కొడుకు వినోద్‌కుమార్, పెళ్ళయిన చాలా ఏళ్ళకి పుట్టాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ, మాట్లాడమంటే నాలుగు ముక్కలు తెలుగు, నాలుగు తమిళం, మిగతాది ఇంగ్లీషు, మాట చివర ఇక్కడివాళ్ళందరిలాగే ఒక లా. గ్లవ్స్ ఫ్యాక్టరీలో పని చేసేవాడు, అది మూతపడింది. బావకి షుగరొచ్చి చూపు మందగించింది, లారీ ఎక్కనివ్వలేదు. ఇంట్లో ఇద్దరు మగవాళ్ళు ఊరికే కూర్చుని గోడలు చూస్తున్న రోజుల్లో శివనేశన్ వచ్చాడు.

శివనేశన్ ఓడలకి కూలీలని కుదిర్చే మనిషి. పెద్దవాడేం కాదు, వాడి మీద ఇంకెవరో, వాళ్ళ మీద ఇంకెవరో. తమిళంలో మెత్తగా మాట్లాడతాడు. జొహోర్ తూర్పు పక్క సముద్రంలో ఒక నూనె ఓడ లంగరేసుకుని ఉంది, దాని మీద కాపలాకి ఒక మనిషి కావాలి, లారీ నడిపిన చేతులకి జనరేటర్ నడపడం ఒక లెక్కా అన్నాడు. బావ ఎగిరి గంతేశాడు. అరవయ్యేళ్ళకి దగ్గరపడ్డ మనిషికి పని ఇస్తామనేవాడు దేవుడిలా కనపడతాడు మరి.

ఆ ఓడ కథ బావ తర్వాత నాకు ఫోన్లో చెప్పాడు. ఎక్కడో ఒక దేశం ఉందిట. ఆ దేశం నూనె ఎవరూ కొనకూడదని పెద్ద దేశాలు ఆంక్షలు పెట్టాయిట. పాత బేరగాళ్ళు చెయ్యి కడిగేసుకున్నారు. కొత్తవాళ్ళు కొంటామన్నారు గానీ, దాని పుట్టుక బయటపడకూడదన్నారు. అందుకని ఆ నూనె మా సముద్రం దాకా వస్తుంది. రెండు ఓడలు పక్కపక్కన నిలబడతాయి, గుద్దుకోకుండా మధ్యలో పెద్ద పెద్ద రబ్బరు దిండ్లు వేలాడదీస్తారు, గొట్టాలు కలిపి ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వంపేస్తారు. వచ్చేటప్పుడు ఆ దేశం నూనె, పోయేటప్పుడు మలేసియా నూనె. ఇది విని నేను పడీపడీ నవ్వాను. మా తాతలు ఇక్కడికొచ్చి నాలుగు తరాలైంది, ఇప్పటికీ మమ్మల్ని మీది ఏ దేశమని అడుగుతారు. ఆ నూనె మాత్రం ఒక్క పూటలో మలేసియాది అయిపోయింది.

బావ ఎక్కిన ఓడ ఇలాంటి నూనెని దాచిపెట్టే ముసలి ఓడ. కొన్నాళ్ళకి ఏ దేశమో దాన్ని కూడా ఆంక్షల్లోకి ఎక్కించింది. ఆ ఓడని ముట్టుకున్నవాళ్ళకీ తిప్పలేనట. కొనేవాళ్ళ ఓడలు రావడం మానేశాయి. యజమాని అయిపు లేకుండా పోయాడు. నావికులంతా ఒక్కొక్కరే దిగిపోయారు. లోపల సగం నూనె అలాగే ఉండిపోయింది. మిగిలింది మా బావ ఒక్కడు. మనిషి లేని ఓడని ఎవడైనా లాక్కుపోవచ్చు, అందుకని ఓడ మీద మనిషి ఉండాలి, అది శివనేశన్ మాట. దిగిపోతే, లంగరు తెగి నూనె సముద్రంలో కలిస్తే, సంతకం పెట్టింది నువ్వు కాబట్టి జైలుకి పోయేది నువ్వేనని కూడా అన్నాడు. బావ నిజంగానే ఒక సంతకం పెట్టాడు, దేని మీదో చదవకుండా.

నెల పనికని వెళ్ళినవాడు నెలలు గడిచినా రాలేదు. ఓడలో ఎత్తయిన చోటికెక్కితే ఒక్కోసారి ఫోను సిగ్నల్ దొరికేది. ఓ రోజు ఫోన్లో గొంతు పీలగా వచ్చింది. ఇనపముక్క గుచ్చుకుని కాలికి పుండైంది, వేళ్ళు నల్లబడ్డాయి, జ్వరంగా ఉంది. అప్ప శివనేశన్ ఇంటికి పరిగెత్తింది. నేనూ బస్సెక్కి వెళ్ళాను. వాడు ఒక దారి చెప్పాడు. ఒక మనిషి ఎక్కితే ఒక మనిషిని దింపుతారు. ఒక్క వారం చాలు, ఈలోగా వేరే కాపలా మనిషిని చూస్తాను.

ఇంటికొచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అప్ప అంది, "వినోదూ, బట్టలు సర్దుకో. మీ నాన్న బదులు నువ్వెల్లాల."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేటైనా మతి పోనాదా అప్పా? ఉన్నోడ్ని దింపమని ఎల్లినాం. ఇంకొకడ్ని ఎక్కించడానికా?"

"మరేటి సెయ్యమంటావు? ఆ కాలుతో ఆయన్ని ఒగ్గేయమంటావా?"

"పోలీసులకి సెప్దాం. ఇదేటి తోటా, పెరట్టా? నువ్వు పంపకపోతే ఏ లయం పోద్ది?"

"మన ఇంట్లో ఎప్పుడూ ఒకలి బదులు ఒకలు నిలబడ్డారు. ఎవులికేటైనాదీ? నాకేటైనాదీ?" అని అప్ప నన్నే ఎదురడిగింది.

వినోద్ అప్పటికే సంచీ తీశాడు. "వన్ వీక్ ఓన్లీ లా, పిన్నీ. నాన్న కాలు ముఖ్యం కదా" అన్నాడు. అప్ప వాడి కోసం నిమ్మకాయ ఊరగాయా, దుప్పటీ కట్టింది. ముఖంలో దిగులు లేదు. చెయ్యాల్సింది చేస్తున్నానన్న ధీమా ఉంది. ఆ ధీమా చూసి నేనూ కాస్త తగ్గాను. ఆ ఓడలో పనికి పరాయి దేశం నుంచి వచ్చిన ఏ ఇంజనీరుకీ, ఏ వంటవాడికీ ఈ ఆలోచన వచ్చి ఉండదు. వాళ్ళు దొరికిన పడవెక్కి పోయారు. బదులు మనిషిని పంపిస్తే చాలన్న మాటకి కన్నకొడుకుని ముస్తాబు చేసేది మా తోటలో పుట్టినవాళ్ళే.

బావ దిగాడు, వినోద్ ఎక్కాడు. ఆసుపత్రిలో బావకి రెండు వేళ్ళు తీసేశారు. మనిషి దక్కాడు. కొడుకు తన బదులు వెళ్ళాడని తెలిసి మంచం మీద తల బాదుకున్నాడు. "నన్ను సావనివ్వలేకపోయినావా" అని అప్పని తిట్టాడు. అప్ప గంజి కలిపి పట్టుకొచ్చింది. వారంలో వచ్చేస్తాడు, తాగు అంది.

వారమూ అయింది, నెలా అయింది. శివనేశన్ మొదట్లో రేపు, ఎల్లుండి అనేవాడు. తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఇల్లు కూడా మార్చేశాడు. అప్ప కాళ్ళకి బలపం కట్టుకుని ఆఫీసులన్నీ తిరిగింది. ఏ ఆఫీసులోనూ ఎవరూ కసురుకోలేదు, కుర్చీ వేసి కూర్చోబెట్టారు, ఆ మాట చెప్పాలి. ఓడ పేరేంటమ్మా అని అడిగేవారు. పేరు మూడుసార్లు మార్చి పైన రంగేసేశారని వినోద్ చెప్పాడు. ఏ దేశం జెండా? జెండా ఉన్న దేశంవాళ్ళని అడిగితే అలాంటి ఓడ మా దగ్గర లేదన్నారట. అది నిలబడ్డ చోటు మన హద్దు దాటి ఉంది కాబట్టి ఇక్కడివాళ్ళ చెయ్యి అందదు. ఒక లాయరుని కూడా కలిశాం. సంతకం పెట్టినంత మాత్రాన జైలంటే అదంతా ఉత్త బెదిరింపు అన్నాడు. అదే మాట రాసివ్వండి బాబూ, పిల్లాడికి ధైర్యం చెప్తాం అంటే, రాసిచ్చేంత ఖాయం కాదన్నాడు.

అటువైపు వినోద్ గొంతు రోజురోజుకీ మారిపోయింది. డీజిల్ అయిపోతోంది, సాయంత్రం కాసేపే జనరేటర్ వేస్తున్నాను అనేవాడు. వాన నీళ్ళు పడుతున్నాను అనేవాడు. ఒకసారి ఏమీ అనకుండా ఊరికే ఊపిరి పీలుస్తూ ఉండిపోయాడు. అప్ప ఫోను చెవికి అదుముకుని, "మాట్లాడు నాన్నా, ఏదోటి మాట్లాడు" అని అడుక్కుంది. ఆ రాత్రి నుంచి అప్ప సరిగ్గా తినలేదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. తప్పు చేశానే పునితా, తప్పు చేశానే అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. నిజమే కదా. అయినా నా కొంగుతో అప్ప ముఖం తుడిచాను.

దారి చూపించింది చేపలు పట్టేవాళ్ళు. కదలని ఓడ నీడలో చేపలు చేరతాయిట, అందుకని జొహోర్ తీరం నుంచి పడవలు ఆ ఓడ చుట్టూ వస్తుంటాయి. వాళ్ళలో ఒక మలాయ్ ఆయన వినోద్‌కి అప్పుడప్పుడూ చేపలూ మంచినీళ్ళూ ఇచ్చేవాడు. ఆయన నంబరు వినోద్ మాకు చెప్పాడు. మేం అబాంగ్ అని పిలిచేవాళ్ళం, అన్నా అన్నట్టు. ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "మీరు రండి, తీసుకెళ్తాను. పిల్లాడిని దింపేసుకోండి. కానీ తొందరగా. గాలివానల కాలం వస్తే ఆ వైపు ఏ పడవా వెళ్ళదు."

బావ కాలికి ఇంకా కట్టు ఉంది. నేనూ అప్పా వెళ్ళాం. పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నానికి గానీ ఓడ కనపడలేదు. దగ్గరికెళ్ళేసరికి అది ఓడలా లేదు, తుప్పు పట్టిన గోడలా ఉంది. వెనకవైపు రంగు పెచ్చులు లేచిపోయి, పాత పేర్ల అక్షరాలు ఒకదాని మీద ఒకటి కనపడుతున్నాయి. పైన అంచు దగ్గర వినోద్ నిలబడ్డాడు. గడ్డం పెరిగి, బుగ్గలు పీక్కుపోయి, నేను ముందు వేరే ఎవరో అనుకున్నాను. వాడు తాడు నిచ్చెన కిందికి జార్చాడు.

"దిగిరా కొడకా, బేగి దిగిరా" అంది అప్ప.

వాడు దిగలేదు. పడవలోకి వంగి చూశాడు. "నా బదులు ఎవరు వచ్చినారమ్మా?"

"ఎవులూ లేరు. నువ్వు దిగిపో."

"అదెలా? మనిషి లేకపోతే నాన్నని పట్టుకుంటారు లా. ఫస్ట్ సైన్ నాన్నదే కదా. లోపల నూనె ఉంది. ఏదైనా అయితే నాన్న జైల్లో చచ్చిపోతారు. నాను రాను."

"ఒరే వెధవా, అది ఉత్త బెదిరింపురా, దిగరా" అని నేను గొంతు చించుకున్నాను. అబాంగ్ కూడా మలాయ్‌లో కేకేశాడు, ఎవరూ అక్కర్లేదు, దిగిపో తమ్ముడూ అని. వాడు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "మన ఇంట్లో ఒకరి బదులు ఒకరు ఉండాలి కదా, పిన్నీ. అమ్మే చెప్పింది" అన్నాడు.

నేను అప్ప వైపు చూశాను. అప్ప ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెప్పులు విడిచి, చుడీదారు అంచు నడుముకి బిగించి కట్టింది. ఏం చేస్తోందో నాకు తట్టేలోపు నిచ్చెన మెట్టు పట్టేసుకుంది. అబాంగ్ వద్దు వద్దంటూ పరిగెత్తుకొచ్చాడు. ఎంత చెప్పినా వదలకపోతే, పడితే లాగడానికని నడుముకి ఒక తాడు కట్టాడు. మెట్టు మెట్టుకీ ఆగి, కళ్ళు మూసుకుని, అప్ప ఆ గోడ ఎక్కింది. ఆఖర్న వినోద్ చేతులు పట్టి పైకి లాగాడు.

పైన వాళ్ళు మాట్లాడుకున్నది మాకు పూర్తిగా వినపడలేదు. వాడు ఏడవడం, అప్ప వాడి తల నిమరడం, అన్నీ కింది నుంచి కనపడ్డాయి. మీ నాన్న కాలు మానగానే వేరే ఏర్పాటు చూస్తాడు, అందాకా నేనుంటాను అని చెప్పిందట. నువ్వు దిగకపోతే ఇక్కడే ఈ నీళ్ళలోకి దూకుతాననీ అందట. వినోద్ దిగాడు. నా ఒళ్ళో పడి చిన్నపిల్లాడిలా వణికాడు.

పడవ కొంచెం జరగ్గానే పైన చప్పుడైంది. అప్ప నిచ్చెన పైకి లాగేస్తోంది. ఒక్కో మెట్టూ లాగి, ఆగి ఊపిరి తీసుకుని, మళ్ళీ లాగుతోంది. వినోద్ లేచి నిలబడి అమ్మా అని అరిచాడు.

"పునితా, ఈడ్ని ఇంటికి తీసుకుపో" అంది అప్ప, చేతులు రెండూ అంచు మీద పెట్టి. "నా బదులు ఎవుల్నీ పంపీకండి. ఇంక నాతో సరి."

తర్వాత శివనేశన్ ఎక్కడ విన్నాడో, నాకు ఫోను చేశాడు. బతికున్నారా చచ్చారా అని అడగలేదు. ఓడ మీద మనిషి ఉన్నారా అని అడిగాడు. మా అప్ప ఉంది, ఎప్పుడు దింపుతావురా అన్నాను. "సరే" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఆ నంబరు పనిచెయ్యలేదు. ఆ క్షణాన వాడు ఎదురుగా ఉంటే కాగే నూనె మూకుడు ఎత్తి వాడి మీద పోసి ఉండేదాన్ని.

గాలివానలు మొదలవబోయే ముందు ఆఖరిసారి వెళ్ళాం. ఈసారి బావా, వినోద్ కూడా వచ్చారు. వద్దంటే వినలేదు. పడవ ఊగుతుంటే బావ కర్ర పట్టుకుని నిలబడి, "ఎర్రమ్మా, నిచ్చెన దించే. నానొచ్చినాను" అని పిలిచాడు.

అప్ప అంచు దగ్గరికి వచ్చింది. బాగా నల్లబడింది, తల సగం నెరిసింది. "ఆ పుండుకాలితో ఎందుకొచ్చినావయ్యా" అంది.

"నువ్వు దిగు. నాను కూకుంటాను. నా పనే కదా ఇది."

"నువ్వెక్కితే రేపు నీకోసం ఈడు ఎక్కుతాడు. నాకెరికే. దించను."

"ఎవులమూ ఎక్కం అప్పా. నువ్వే దిగిరా. ఓడ ఏటైపోతే మనకేటి?" అన్నాను నేను.

"నాను దిగితే ఈలిద్దర్లో ఒకడ్ని పట్టుకుపోతారు. లాయరు కాగితమిచ్చినాడా?" అని అడిగింది. లేదన్నాను. "మరేటి" అంది.

వినోద్ ఓడ గోడని రెండు చేతులా కొట్టాడు. కొట్టి కొట్టి చేతులు కమిలిపోయాయి. అప్ప వాడి వైపు చూడలేదు. చూస్తే నిచ్చెన దించేస్తానని భయపడిందేమో. ఒక సన్నటి తాడు మాత్రం వదిలింది. బియ్యం, మందులు, నీళ్ళ డబ్బాలు ఒక్కొక్కటే కట్టాం, ఒక్కొక్కటే లాక్కుంది. అలలు పెద్దవయ్యాయి. అబాంగ్ ఇంక ఉండలేనని పడవ తిప్పాడు.

ఇప్పుడు ఆ వైపు పడవలు వెళ్ళడం లేదు. డీజిల్ అయిపోయి ఉంటుంది, ఫోను మోగడం లేదు. నేను కొట్టు మూసి పోర్ట్ క్లాంగ్‌లోనే ఉంటూ వీళ్ళకి వండి పెడుతున్నాను. బావా, వినోద్ ఒకే గదిలో ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. ఇద్దరూ ఒడ్డు మీద ఉన్నారు. అప్పకి కావలసింది అదే. నాకు మాత్రం మా అప్ప కావాలి.